వెర్న్ హోవెల్ బతికే ఉన్నాడు

నెల్డా హోవెల్ కుదురుగా కూర్చోవడం మా కటర్స్ బెండ్‌లో ఎవరూ చూసి ఉండరు, స్కూలు బస్సు నడిపేటప్పుడు తప్ప. చర్చిలో కూడా వెనక గోడకి ఆనుకుని నిలబడేది. బస్సుల షెడ్డులో కాఫీ కప్పు పట్టుకుని ఆ మూల నుంచి ఈ మూలకి తిరుగుతూనే మాట్లాడేది.

"కాలు కాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు? కాసేపు కూర్చో" అనేదాన్ని నేను.

"కూర్చుంటే ఆలోచనలొస్తాయే" అనేది.

ఆమె బస్సూ నా బస్సూ పక్కపక్కనే ఆగేవి. అందువల్ల ఆమె సంగతులు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు.

మా ఊళ్ళో చేతితొడుగుల ఫ్యాక్టరీ నడిచినంతకాలం నెల్డా అందులో కుట్టుమిషను మీద పనిచేసింది. అది మూతపడ్డాక బస్సు లైసెన్సు తెచ్చుకుంది. ఫ్యాక్టరీతో పాటే అది ఇంటిల్లిపాదికీ ఇచ్చిన వైద్య ఇన్సూరెన్సూ పోయింది. ఆమె భర్త వెర్న్‌కి చక్కెర జబ్బు. కొత్త ఉద్యోగంలో ఇన్సూరెన్సు మొదలయ్యేలోపు మందు చాలదని అతను ఇన్సులిన్ సగం సగం వేసుకుంటూ వచ్చాడు. ఒకరోజు హార్డ్‌వేర్ కొట్టులో మేకుల డబ్బాల మధ్య కళ్ళు తిరిగి పడిపోయాడు. ఆసుపత్రిలో ఉండి, కోలుకుని, ఇంటికి నడిచి వచ్చాడు. నిజం ఇంతవరకే. మిగిలినదంతా తర్వాత పుట్టుకొచ్చింది.

ఆ ఏడాది ఎన్నికలు. దేశ చట్టసభలో, అదే కాంగ్రెస్‌లో, మా సీటుకి కర్ట్ లాంబెత్ అనే ఆయన నిలబడ్డాడు. పొడగరి, మంచి గొంతు. చొక్కా చేతులు మోచేతులదాకా మడిచి, ఇప్పుడే గడ్డి మోసి వచ్చినవాడిలా కనిపించేవాడు. స్కూలు జిమ్‌లో పెట్టిన సమావేశంలో మందుల ధరల మాట వచ్చినప్పుడు నెల్డా నిలబడి వెర్న్ సంగతి చెప్పింది. ఆమెకి అలా నలుగురిలో మాట్లాడటం అదే మొదలు. లాంబెత్ గబగబా వేదిక మెట్లు దిగి వచ్చి ఆమె చేతులు పట్టుకున్నాడు. ఫోటోలు తీశారు.

తర్వాతి వారం ఆయన దగ్గర పనిచేసే ట్రెవర్ అనే కుర్రాడు ఫోన్ చేశాడు. సభల్లో వేదిక మీద, లాంబెత్ వెనకాల నిలబడతారా అని.

"నిలబడటమే కదా, అది నాకు బాగానే వచ్చు" అంది నెల్డా.

మొదట్లో ఆమెకి అది నచ్చిందనే చెప్పాలి. పాతికేళ్ళు తలవంచి తొడుగులు కుట్టిన మనిషి. వేదిక మీద దీపాల వెలుగులో నిలబడితే, జనం ఆమె పేరు పెట్టి పిలిస్తే, ఎవరికి మాత్రం బాగుండదు? లాంబెత్ మైకు ముందుకి వచ్చి, "నెల్డా వాళ్ళ వంటింట్లో కూర్చున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది" అనేవాడు. ఆయన ఆమె వంటింటి గడప తొక్కనేలేదు.

"వంటింట్లో చెబితేనేం, జిమ్‌లో చెబితేనేం? విషయం నిజమే కదా" అని నాతో అంది. అంటూనే షెడ్డు చుట్టూ రెండు చుట్లు తిరిగింది.

రెండు సభల తర్వాత ఆ కథలోకి పెళ్ళి ఉంగరం వచ్చి చేరింది. మొగుడి మందు కోసం నెల్డా తన పెళ్ళి ఉంగరం అమ్మేసిందట! ఆ ఉంగరం ఆ క్షణాన గొలుసుకి వేలాడుతూ ఆమె చొక్కా లోపలే ఉంది. వేళ్ళ కీళ్ళు వాచి వేలికి పట్టక మెళ్ళో వేసుకుంది, అంతే. జనం "అయ్యో" అని ఒక్కసారిగా నిట్టూర్చారు. నెల్డా అక్కడే నిలబడి, అందరితో పాటు చప్పట్లు కొట్టింది. చేతులు వాటంతటవే కొట్టాయని తర్వాత చెప్పింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆర్వల్ టీగ్ ఆమె ఇంటి తలుపు తట్టాడు. ఆర్వల్ నది మీద పడవల్లో పనిచేసి రిటైరైన ముసలాయన. భార్య పోయి అప్పటికి ఏడాది. టోపీ తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నెల్డా తల్లీ, లోపలికి రాను, బూట్లకి బురదుంది. ఇది మా ఆవిడది." జేబులోంచి చేతిరుమాలు మూట తీశాడు. "పెట్టెలో పడుంటే ఎవరికి లాభం? పెళ్ళయిన ఆడదాని వేలు బోసిగా ఉండకూడదు. నీకు కాస్త వదులవుతుందేమో, చూసుకో."

నెల్డా గొలుసు బయటికి లాగి ఉంగరం చూపించింది.

"టీగ్ గారూ, నేను అమ్మలేదండీ. ఇదుగో, ఇక్కడే ఉంది. ఆయన చెప్పినది అబద్ధం."

ముసలాయన ఆ ఉంగరాన్ని చూశాడు, ఆమెని చూశాడు. రుమాలు మళ్ళీ మెల్లగా మూట కట్టాడు.

"మరి నువ్వు పక్కనే ఉన్నావు కదమ్మా. చప్పట్లు కొట్టావు. నేను టీవీలో చూశాను."

టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెర్న్ వెనక గదిలోంచి వచ్చేసరికి నెల్డా గుమ్మంలోంచి రోడ్డు మీదికీ, రోడ్డు మీద నుంచి గుమ్మంలోకీ తిరుగుతోంది.

మర్నాడు బస్సులో పిల్లల్ని దించగానే లాంబెత్ ఆఫీసుకి వెళ్ళింది. ట్రెవర్ చాలా మర్యాదగా కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"ఆ ఉంగరం మాట తీసేయండి బాబూ. నేను అమ్మలేదు."

"మేడమ్, మీరు అమ్మకపోవచ్చు. కానీ ఈ రాష్ట్రంలో మందుల కోసం ఉంగరాలు అమ్ముకున్నవాళ్ళు లేరంటారా?"

"ఉంటారు. అయితే వాళ్ళనే తీసుకొచ్చి నిలబెట్టండి."

"వాళ్ళు మీలా మాట్లాడలేరు మేడమ్. మీ మొహంలో ఆ నిజాయితీ ఉంది."

"ఆ నిజాయితీతోనే కదయ్యా మీరు అబద్ధం అమ్ముతున్నది!"

ట్రెవర్ నవ్వి, సరిచేయిస్తానని మాటిచ్చాడు. ఇకపై వేదిక ఎక్కనని చెప్పేసి వచ్చింది నెల్డా. మాట ఇచ్చినట్టే ఉంగరం పోయింది. దాని స్థానంలో వెర్న్ కాలు పోయింది. పక్క కౌంటీలో, అంటే పక్క జిల్లాలో, జరిగిన సభలో లాంబెత్ వెర్న్‌కి మోకాలి కింద తీసేశారని చెప్పాడట. హార్డ్‌వేర్ కొట్టులో జనం మాట్లాడుతూ మాట్లాడుతూ తన బూట్ల వైపు దొంగచూపులు చూస్తున్నారని వెర్న్ వచ్చి చెబితే మేం పడీపడీ నవ్వాం. నెల్డా నవ్వలేదు.

ఆ తర్వాత ఒక సాయంత్రం ఇంటి ముందు పూల కొట్టు వ్యాను ఆగింది. తెల్ల లిల్లీలు, నల్ల రిబ్బను. వెర్న్ స్వయంగా సంతకం పెట్టి తీసుకున్నాడు. ఎక్కడో ఊరు పేరైనా వినని ఒక చర్చి మహిళలు పంపారు: "మీ భర్త ఆత్మకి శాంతి కలగాలి." పై కౌంటీలో కథ అక్కడిదాకా వెళ్ళిందన్నమాట.

"పూలు బాగున్నాయే" అన్నాడు వెర్న్. "బతికుండగా నాకెవరూ పంపలేదు."

నెల్డా ఆ పూలని వరండాలో పెట్టింది, మళ్ళీ లోపలికి తెచ్చింది, మళ్ళీ బయట పెట్టింది.

అవతలి పార్టీవాళ్ళకి ఈ సంగతి ఎలాగో తెలిసింది. వాళ్ళ తరఫున ఒకావిడ వచ్చి, నెల్డా మాట్లాడేందుకు ప్రసంగం రాసి తెచ్చింది. నెల్డా నిలబడే చదివింది.

"లాంబెత్ నన్ను బెదిరించాడని ఉందేంటి ఇందులో? నన్నెవరూ బెదిరించలేదే."

"మీకు భయమైతే వేసింది కదండీ?"

"భయం కాదు, సిగ్గేసింది."

"సిగ్గంటే టీవీలో అంతగా ఆనదండీ."

నెల్డా కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టి తలుపు తీసి పట్టుకుంది.

ఇక మిగిలినది సెప్టెంబరులో జరిగే కౌంటీ సంత. పశువుల పోటీలు పెట్టే కొట్టంలో లాంబెత్ సభ. జెండాలు, బ్యాండు, పొగ చిమ్మే యంత్రం కూడా. వెర్నూ నేనూ గడ్డిమోపుల మీద కూర్చున్నాం, నెల్డా నిలబడింది. లాంబెత్ గొంతు తగ్గించి మొదలుపెట్టాడు: "ఈ ఊరి బిడ్డ నెల్డా... ఈ రాత్రి ఆమె పక్కన ఒక కుర్చీ ఖాళీ..."

వెర్న్ లేచి నిలబడ్డాడు. మొత్తం జీవితంలో అతను గట్టిగా అరవడం నేను విన్నది అప్పుడే.

"ఇదుగోనయ్యా ఆ కుర్చీవాణ్ణి! రెండు కాళ్ళతో నిలబడ్డాను, చూసుకో!"

లాంబెత్ చిరునవ్వు చెదరలేదు. వెనక నుంచి ఎవరో అరిచారు: "వీడు నాటకాలవాడు! అవతలివాళ్ళు కిరాయికి పంపారు!" అంతే, కొట్టమంతా ఈలలు. బ్యాండు ఎత్తుకుంది. నెల్డా "ఈయన నా మొగుడు, నేనే నెల్డాని" అని అరుస్తూనే ఉంది. పక్కనున్న ఒకావిడ ఆమెని ఎగాదిగా చూసి, "నెల్డా ఇంత లావుండదు. టీవీలో చూశాను" అంది.

ఊరివాళ్ళకి నిజం తెలుసు. అదే ఇంకా కష్టమైంది. షెడ్డులో గస్ అనే డ్రైవరు ముఖం మీదే అన్నాడు: "అబద్ధమే, ఎవరు కాదన్నారు? అవతలివాళ్ళు చెప్పట్లేదా? మనవాడు గెలిస్తే మందులు చవకవుతాయి. నీ పరువు కోసం సీటు పోగొడతావా నెల్డా?"

"నా పరువు కాదు గస్. అలా చెప్పి గెలిచినవాడు మందుల మాట నిలబెట్టుకుంటాడని నీకెలా నమ్మకం?"

గస్ కాఫీ పారబోసి తన బస్సు ఎక్కేశాడు. ఆ రోజు నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాడు. చాలామంది మానేశారు. లాంబెత్ గెలిచాడు.

ఆ చలికాలమంతా నెల్డా నిద్ర సరిగా పోలేదు. అబద్ధాన్ని ఆపే చట్టం తేవాలని రాష్ట్ర రాజధానికి వెళ్ళింది, నేనూ తోడు వెళ్ళాను. చట్టసభ కమిటీ ముందు మాట్లాడనిచ్చారు. ఆమె మాట్లాడుతుంటే ఒకాయన ఫోను చూసుకుంటున్నాడు. ముగిశాక ఆయనే పరుగున వచ్చి ఆమెతో ఫోటో దిగాడు. బయట వరండాలో ఒక లాయరమ్మ జాలిపడి అసలు సంగతి చెప్పింది.

"ఎన్నికల్లో అబద్ధాలాడటం నేరమని చట్టం చేస్తే కోర్టులు నిలవనివ్వవమ్మా. ఏది అబద్ధమో తేల్చే అధికారం సర్కారు చేతిలో పెడితే రేపు మీ నోరే నొక్కుతారు."

"మరి ఎవరు తేలుస్తారు?"

"వినేవాళ్ళే."

తిరుగు ప్రయాణంలో ఊరి పొలిమేరకి వచ్చాక నెల్డా ఉన్నట్టుండి అంది: "వినేవాళ్ళకి వినపడనివ్వట్లేదే. బ్యాండు, పొగ, దీపాలు. అవన్నీ తీసేస్తే?"

మా ఊరి ఫైర్ స్టేషన్ హాల్లో ప్రతి శుక్రవారం ఊరందరికీ చేపల వేపుడు విందు. వేయించేది మేం ఆడవాళ్ళమే. పెత్తనం వాండా అనే ఆవిడది. నెల్డా వెళ్ళి, తిన్నాక అభ్యర్థుల్ని అక్కడే కూర్చోబెట్టి ప్రశ్నలడుగుదామంది. వేదిక ఉండదు, మైకు ఉండదు. మడత కుర్చీలు, అందరివీ ఒకే ఎత్తు.

"పాటలూ ఆటలూ లేకపోతే ఎవరొస్తారే?" అంది వాండా.

"చేపలకి వస్తారు. కదలకుండా ఉంటే వింటారు."

నియమాల మీద రెండు వారాలు పోట్లాడుకున్నాం. అవునా కాదా అని అడిగితే ముందు ఆ ముక్క చెప్పి తర్వాత వివరం చెప్పాలని వాండా పట్టుబట్టింది. లైబ్రరీ కెమెరా ఒకటే ఉంటుంది, మొదటి నుంచి చివరిదాకా ముక్కలు చేయకుండా చూపిస్తుందని నేనన్నాను. నెల్డా పెట్టిన నియమం ఒక్కటే: ఎవరి కథ చెప్పినా ఆ మనిషి అదే గదిలో ఉండాలి. ఈ గొడవ విని ఆర్వల్ టీగ్ కూడా వచ్చి ఒకటి కలిపాడు. తెలియకపోతే తెలియదని చెప్పాలి, అలా చెప్పినవాణ్ణి చూసి ఎవరూ నవ్వకూడదు.

"నవ్వు ఆపడం మన వల్ల కాదు టీగ్ గారూ" అంది నెల్డా. ఉంగరం విషయం తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదటిసారి.

మొదటిసారి వచ్చినవాళ్ళు చిన్న చిన్న కౌంటీ పదవులకి నిలబడ్డవాళ్ళే. రోడ్ల ఇంజనీరు పదవికి (మాకు దానికీ ఓట్లే) పోటీచేస్తున్న డేల్ అనే ఆయనని, వాగు మీద వంతెన ఎప్పుడు బాగవుతుందని అడిగారు. ఆయన చేపముళ్ళ పళ్ళెం పక్కకి నెట్టి, "తెలియదు. రాష్ట్రం వాళ్ళు నాకింకా చెప్పలేదు" అన్నాడు. ఆర్వల్ బల్ల మీద అరచేత్తో చరిచి, "హమ్మయ్య! ఒకడు దొరికాడు" అన్నాడు.

ఆ ఒకడు ఓడిపోయాడు. వేసవికల్లా వంతెన కట్టిస్తానని పోస్టర్లు వేసినవాడు గెలిచాడు.

నెల్డా ఆ రోజు షెడ్డులో తిరిగిన తిరుగుడు నేను మరవలేను. "నిజం చెప్పినవాణ్ణి మనమే ఓడించాం. చేపలు పెట్టి మరీ ఓడించాం."

"వేసవి రానీవే" అన్నాను.

వేసవి వచ్చింది, వంతెన రాలేదు. మా బస్సులు చుట్టూ తిరిగి వెళ్ళాల్సి వచ్చేది. ఆ చుట్టుదారిలో పిల్లల తల్లిదండ్రులకి డేల్ మాట గుర్తొచ్చిందేమో, శుక్రవారాలు హాల్లో కుర్చీలు చాలడం మానేశాయి. ఒకరోజు గస్ కూడా వచ్చాడు. నెల్డా చేతిలోంచి చేపల పళ్ళెం తీసుకుని, "ఉప్పు తక్కువైంది" అన్నాడు. అది మా వాళ్ళ భాషలో రాజీ.

మళ్ళీ కాంగ్రెస్ ఎన్నికలు వచ్చేసరికి మా హాలుకి రాని అభ్యర్థిని "ఏం, చేపలు పడవా?" అని జనం వెక్కిరించడం మొదలైంది. లాంబెత్ రాక తప్పలేదు. మడిచిన చొక్కా చేతులతో వచ్చి మడత కుర్చీలో కూర్చున్నాడు. అలవాటు కొద్దీ సభలోలాగా గొంతు ఎత్తబోతే వాండా, "ఇక్కడే ఉన్నాం నాయనా, మెల్లగా చెప్పు" అంది.

ఆర్వల్ అడిగాడు. "ఈ వెర్న్ హోవెల్ చచ్చిపోయాడని చెప్పావా? అవునా, కాదా?"

వెర్న్ ఎదురుగానే కూర్చుని క్యాబేజీ తింటున్నాడు. లాంబెత్ అతని వైపు చూశాడు.

"అవును" అన్నాడు. కాసేపటికి, "మొదట ఎవరో నాకు రాసిచ్చారు. జనం ఏడ్చిన చోట కాస్త పెంచాను. చెప్పగా చెప్పగా నిజంగానే పోయాడనిపించింది. తప్పే. క్షమించండి, మిస్టర్ హోవెల్" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"పర్లేదులెండి, పూలు వచ్చాయి" అన్నాడు వెర్న్.

అందరం నవ్వాం. పాత్రలు కడిగేచోట వాండా కళ్ళు తుడుచుకుంటూ, "ఏడ్చాడే పాపం!" అంది.

"అదేనే నా భయం" అంది నెల్డా. "ఆయన ఏడుపు నేను వెనకనుంచి చాలాసార్లు చూశాను. ముందునుంచి ఇదే మొదలు. ఏది నిజం ఏడుపో, ఏది కాదో నాకు తెలియట్లేదు."

ఆ వచ్చే శనివారం పై కౌంటీలో లాంబెత్ సభ. నెల్డా వెళ్ళాల్సిందేనంది. వెర్న్ విసుక్కున్నాడు. "క్షమాపణ చెప్పాడు కదే, ఇంకేం కావాలి?" అంటూనే బండి తాళాలు తీశాడు. ముగ్గురం వెళ్ళి జనం వెనకాల నిలబడ్డాం. జెండాలు, బ్యాండు, పొగ, అన్నీ ఉన్నాయి. లాంబెత్ మైకు పట్టుకుని గొంతు తగ్గించాడు.

"ఒక చిన్న ఊరి ఫైర్ స్టేషన్‌లో వందల జనం ముందు నేను మోకాళ్ళ మీద నిలబడి నా తప్పు ఒప్పుకున్నాను. అందరూ లేచి నిలబడి నన్ను కౌగిలించుకున్నారు..."

జనం హోరెత్తిపోయారు. వెర్న్ పొట్ట పట్టుకుని నవ్వాడు. నెల్డా ముఖం పాలిపోయింది. ఆ హాల్లో డెబ్బై మందికి మించి పట్టరు. ఎవరూ లేవలేదు. కదిలింది నెల్డా ఒక్కతే, అదీ చేపలు మాడుతున్నాయని.

"అది అలా జరగలేదు" అంది పైకే. అరవలేదు, మామూలు గొంతుతోనే. మా ముందే నిలబడి ఉన్న ఒకావిడ వెనక్కి తిరిగింది. పొలం బూట్లు, చేతిలో మొక్కజొన్న కంకి.

"మీరక్కడ ఉన్నారా?"

"చేపలు వేయించింది మేమే."

"మరి ఎలా జరిగింది?"

బ్యాండు మోగుతుంటే వినపడక ఆవిడ దగ్గరికి జరిగింది. నెల్డా చెప్పింది. ఎంతమంది ఉన్నారో, ఆయన ఎలా కూర్చున్నాడో, నిజంగా ఏమన్నాడో చెప్పింది. తప్పు ఒప్పుకున్నమాట నిజమేనని కూడా చెప్పింది, దాన్ని తగ్గించలేదు. ఆవిడ కంకి కొరకడం మరిచిపోయింది. పక్కనున్న ఇంకో ఇద్దరు తల వంచి విన్నారు. వేదిక మీద ఏం జరుగుతోందో మాకు తర్వాత తెలియలేదు.

"మా ఊళ్ళోనూ ఫైర్ హాలుంది" అంది ఆవిడ చివరికి. "మేం శుక్రవారం చికెన్ వేస్తాం."

"చికెనైనా ఫర్వాలేదు. కుర్చీలు మాత్రం ఒకే ఎత్తువి వెయ్యండి" అంది నెల్డా.

లాంబెత్ ఆ ఏడూ గెలిచాడు, మునుపటికంటే బొటాబొటీగా. ఇప్పుడు మా చుట్టుపక్కల ఐదారు ఊళ్ళలో ఈ కూర్చోబెట్టే పద్ధతి ఉంది. కొన్నిచోట్ల బాగా సాగుతోంది. ఒకచోట వాళ్ళే బ్యాండు పెట్టుకున్నారని తెలిసి నెల్డా వెళ్ళి దెబ్బలాడి వచ్చింది. వాళ్ళు బ్యాండు మానలేదు. ఆ రాత్రి ఫోన్ చేసి, దీనంతటికీ ఏమైనా అర్థం ఉందా అని అడిగింది నన్ను. నాకు తెలియదన్నాను.

"నవ్వనులే, టీగ్ గారి నియమం కదా" అంది. ఫోనులో ఆమె వంటింట్లో అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.